పులసా? విలసా?

గోదావరి జిల్లాల్లో సరుకు కొనడం ఓ విద్య. ఏట్లోకి ఎర్రనీరు దిగిందంటే చాలు, ధవళేశ్వరం దగ్గరా యానాం దగ్గరా పులసకి బేరాలు మొదలవుతాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఉండనే ఉంది. అయితే పుస్తెలు అమ్మినంత మాత్రాన పులసే దొరుకుతుందన్న హామీ ఏమీ లేదు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస. జాతి ఒకటే, చూపుకి రెండూ వెండి పొలుసులే. విలసని పట్టుకొచ్చి పులసని అంటగట్టేవాళ్లకి కొదవ లేదు. అందుకే తెలిసినవాళ్లు చేపని చేత్తో పట్టి, మొప్పలెత్తి చూసి, అమ్మేవాడి మొహం కూడా ఓసారి చూసి మరీ డబ్బులు తీస్తారు.

అంతటి ఆరిందాలు కూడా బోల్తాపడే సరుకు ఒకటుంది. కంప్యూటర్లో వేసే గ్రాఫిక్స్ కార్డు! దానికి మొప్పలుండవు. అట్టపెట్టె మీద మెరిసే బొమ్మ, పక్కన ఓ పెద్ద అంకె... అంతే. అందులోనూ చవక రకం కొనేవాళ్లకే చిక్కులెక్కువ. లక్ష రూపాయల కార్డు కొనేవాడు ఏది కొన్నా ఆట ఆడుతుంది. పదిహేను వేలు పట్టుకుని బయల్దేరినవాడే ఆచితూచి అడుగేయాలి.

మార్కులకి బహుమానం

రావులపాలెం అవతల ఓ ఊళ్లోని ఇంటి సంగతే చూడండి. ఇంటిపెద్ద అరటి మార్కెట్లో గుమాస్తా. తెల్లవారేసరికి వందల గెలలు ఆయన కళ్లముందు చేతులు మారతాయి. కర్పూరమా చక్రకేళా అన్నది సరే, గెల ఏ రోజుకి పండుతుందో కూడా దూరంనుంచే చెప్పేస్తాడు. ఇద్దరు పిల్లలు. అమ్మాయి రాజమండ్రిలో సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడు. రోజూ బస్సులో వెళ్లొస్తుంది. అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. 'మంచి మార్కులొస్తే ఏదడిగితే అది కొంటానురా' అని సంక్రాంతికి చుట్టాలందరి ముందూ మాటిచ్చాడు తండ్రి. 2025 ఏప్రిల్లో ఫలితాలొచ్చాయి. మార్కులూ వచ్చాయి. బండి అడుగుతాడేమో, ఫోన్ అడుగుతాడేమో అనుకుంటుంటే వాడు గ్రాఫిక్స్ కార్డు అన్నాడు.

"అంటే ఏంట్రా?"

"గేములాడుకోడానికి నాన్నా."

తండ్రి మొహం మాడిపోయింది. దానికో కారణముంది. ఆ ఇంట్లో గేమ్ అన్న మాట వినిపిస్తే గుర్తొచ్చేది అబ్బాయి మేనమామ. ఫోన్లో రమ్మీ ఆడి, అప్పుల్లో దిగి, అరెకరం కొబ్బరితోట వదులుకున్న మనిషి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని 2020లోనే నిషేధించారు. డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటూ చట్టం చేసింది. కానీ ఆ తోట మాత్రం తిరిగి రాలేదు.

"అది పేకాట నాన్నా, ఇది ఆట" అన్నాడు కొడుకు. తండ్రికి తేడా తెలియలేదు. మాట తప్పడమూ ఇష్టం లేదు. "సరే, పదిహేను వేలు. పైసా ఎక్కువైనా కుదరదు. ఏది కొనాలో, ఎందుకు కొనాలో నాకు అర్థమయ్యేలా కాగితం మీద రాసి చూపించు. అర్థమైతే కొంటాను" అన్నాడు. గెల కొనేవాడికి గెల గురించి తెలియాలన్నది ఆయన సిద్ధాంతం.

చెరువు కాదు... తూము!

కాగితం ఎక్కడ మొదలైందంటే... అసలు కార్డు చేసే పనేమిటన్న దగ్గర. మామూలు మానిటర్ మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల 600. ఆట సాఫీగా కదలాలంటే ఈ చుక్కలన్నిటికీ సెకనుకి 60 సార్లు రంగు వేయాలి. అంటే సెకనుకి 12 కోట్ల పైచిలుకు చుక్కలు! ప్రాసెసర్ ఒక్కటే ఈ పని చేయడమంటే, ఎంతో తెలివైన ఆసామి ఒక్కడే పదెకరాల్లో నాట్లు వేయడం లాంటిది. తెలివి ఉంటుంది, చేతులు రెండే. గ్రాఫిక్స్ చిప్ అలా కాదు. వందలమంది కూలీలు వరసగా నిలబడి ఒకేసారి వంగి నాటినట్టు, దానిలో వందలకొద్దీ చిన్న కోర్లు ఒకేసారి పనిచేస్తాయి. ఎన్‌విడియా వారి జీటీ 710లో అలాంటివి 192, జీటీ 1030లో 384, జీటీఎక్స్ 1650లో 896, ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకంలో 2304.

కార్డు లేకపోయినా కంప్యూటర్లో బొమ్మ వస్తుంది కదా? వస్తుంది. ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. 2003లో కంప్యూటర్‌కి వచ్చిన వైస్ సిటీ, 2006లో వచ్చిన ఈఏ వారి క్రికెట్ 07 లాంటి పాత ఆటలకి ఇవాళ అదే ఎక్కువ. 2020లో వచ్చిన వాలొరంట్ కూడా అడుగుబొడుగు గ్రాఫిక్స్ మీద ఆడేలా తయారుచేసిందే. సెకనుకి 60 బొమ్మలు రావాలంటే జీటీ 730 చాలంటారు దాన్ని తయారుచేసినవాళ్లు. జీటీఏ ఫైవ్ దగ్గరకి వచ్చేసరికి జీటీఎక్స్ 660 స్థాయి కార్డు ఉంటే మంచిదని 2015లోనే చెప్పారు. అబ్బాయి ఆడాలనుకున్నవి సరిగ్గా ఈ రెండూ, ఓ క్రికెట్ ఆటా. స్నేహితులు నలుగురూ నాలుగు ఊళ్ల కాలేజీలకి చెదిరిపోబోతున్నారు. రోజూ రాత్రి గంటసేపు కలుసుకునే రచ్చబండ ఆ ఆటే.

దగ్గర్లోని ఓ కొట్టులో అడిగితే "నాలుగు జీబీ కార్డుందండీ, ఐదు వేలే" అన్నారు. తండ్రికి బేరం నచ్చింది. ఇంకో కార్డు రెండు జీబీయేనట, దానికే ధర ఎక్కువట! నాలుగు పెద్దదా, రెండు పెద్దదా?

సరిగ్గా ఇక్కడే ఉంది కిటుకు. డెల్టా మనుషులకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. కాటన్ దొర 1847-52 మధ్య ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించి ఊరుకుని ఉంటే డెల్టా పండేది కాదు. నీరు నిలవుంటే చాలదు, పొలానికి పారాలి. దానికి కాలువలు కావాలి, తూములు కావాలి. కార్డు మీద జీబీలంటే చెరువు. సెకనుకి ఎంత డేటా పారుతుందన్నది తూము. నాలుగు జీబీల జీటీ 730లో డీడీఆర్3 మెమరీ వేసి, 64 బిట్ల దారి పెడితే సెకనుకి పారేది 14.4 జీబీలే. అదే పేరున్న జీటీ 730లో జీడీడీఆర్5 వేస్తే 40 జీబీలు. పెద్ద చెరువుకి బొటనవేలంత తూము పెడితే చివరి మడి ఎండిపోదూ?

జీటీ 1030దీ అదే కథ. 2017లో జీడీడీఆర్5తో వచ్చినప్పుడు సెకనుకి 48 జీబీలు. మర్నాటి ఏడు డీడీఆర్4 వేసి అదే పేరుతో ఇంకోటి దింపారు. తూము 16.8కి పడిపోయింది. పెట్టె మీద రెండూ జీటీ 1030లే, రెండూ 2 జీబీలే. ఒకటి పులస, ఒకటి విలస!

ఇది ఇవాళ మొదలైంది కూడా కాదు. 2002లో జీఫోర్స్ 4 ఎంఎక్స్ అని చవక కార్డులొచ్చాయి. పేరులో నాలుగున్నా లోపలిది చాలావరకు జీఫోర్స్ 2 సంగతే. నీడలూ నీటి మెరుపులూ వేసే షేడర్ల సదుపాయం లేదు. 2003లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట ఆ కార్డు మీద మొదలయ్యేదే కాదు. నెట్ సెంటర్ల కాలంలో ఎంతమంది కుర్రాళ్లు ఆ నల్లటి తెర వంక తెల్లమొహం వేసి చూశారో!

ఏటి ఆవలి ఒడ్డు

ఈ చవక కార్డుల కథలో గోదావరి వాసన కూడా ఉంది. రాజమండ్రి గట్టు మీద నిలబడితే ఎదురుగా కనిపించేది కొవ్వూరు. అక్కడి కోడూరి వారి కుటుంబానికి చెందిన రాజా కోడూరి ప్రపంచంలో పేరున్న గ్రాఫిక్స్ చిప్ నిపుణుల్లో ఒకరు. దర్శకుడు రాజమౌళికి వరసకి సోదరుడు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివి అమెరికా వెళ్లి ఎస్3, ఏటీఐ కంపెనీల్లో పనిచేశారు. 2006లో ఏటీఐని ఏఎండీ కొనేసింది. మధ్యలో 2009 నుంచి 2013 దాకా యాపిల్‌లో ఉండి, ఏఎండీకి తిరిగొచ్చి, 2015లో అక్కడి గ్రాఫిక్స్ విభాగం మొత్తానికి పెద్దయ్యారు.

ఆయన హయాంలోనే 2016 జూన్ 29న ఆర్ఎక్స్ 480 కార్డు వచ్చింది. ప్రారంభ ధర 199 డాలర్లు. అప్పటిదాకా వర్చువల్ రియాలిటీ ఆటలంటే ఖరీదైన కార్డు ఉన్నవాళ్లకే. మధ్యతరగతి ధరకి దాన్ని తెస్తామని చెప్పి మరీ తెచ్చిన కార్డది. 2017 నవంబరులో ఆయన ఇంటెల్‌కి మారారు. దశాబ్దాలుగా విడి కార్డుల మార్కెట్లో ఎన్‌విడియా, ఏఎండీ తప్ప మూడో పేరు వినబడని చోట, 2022లో ఇంటెల్ 'ఆర్క్' కార్డులు దిగాయి. మొదట్లో పాత ఆటల దగ్గర అవి తడబడ్డాయి. తర్వాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మారుస్తూ వచ్చేసరికి కుదుటపడ్డాయి. 2023 మార్చిలో ఆయన ఇంటెల్‌ని వదిలారు. తర్వాత 2024 డిసెంబరులో వచ్చిన ఆర్క్ బీ580 కార్డు 249 డాలర్లకే 12 జీబీల మెమరీ ఇచ్చింది. కొనేవాడికి మూడో కొట్టు కనిపిస్తే మొదటి రెండు కొట్లూ మర్యాద నేర్చుకుంటాయన్నది సంతలో అందరికీ తెలిసిన సంగతే కదా!

"మన కొవ్వూరాయనే!" అన్నాడు తండ్రి, కాగితం మీద ఆ పేరు చూసి. అక్కడినుంచి ఆయన మొహంలో కాస్త వెలుగు. అయితే అభిమానం వేరు, బేరం వేరు. ఆయన చేయి పడిన కార్డు తమ కంప్యూటర్‌కి నప్పుతుందా అన్నది తేలాలి.

రాజమండ్రిలో పరీక్ష

మే నెల ఎండలో తండ్రీకొడుకులు బస్సెక్కారు. జొన్నాడ వంతెన, కడియపులంక నర్సరీలు దాటి రాజమండ్రి చేరారు. అక్కడ వాళ్లు వెళ్లిన కొట్టాయన ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపినవాడు. కార్డులు చూపించకుండా ముందు ప్రశ్నలు మొదలెట్టాడు.

"మీ సిస్టమ్ ఏదండీ?"

2022లో అమ్మాయి చదువుకోసం కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ అది. ఏదో ఆఫీసులో వాడి తీసేసింది. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 16 జీబీల ర్యామ్.

"ఎస్సెంపీఎస్ ఎన్ని వాట్లు?"

"240" అన్నాడు అబ్బాయి. డబ్బా విప్పి చూసుకునే వచ్చాడు.

"బతికించావు బాబూ. సగంమంది అది చూసుకోకుండా వస్తారండీ" అన్నాడు కొట్టాయన తండ్రి వైపు తిరిగి.

సంగతేమిటంటే, మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు 75 వాట్ల వరకే కరెంటు ఇవ్వగలదు. అంతకి మించి తినే కార్డుకి ఎస్సెంపీఎస్ నుంచి విడిగా ఆరు పిన్నుల తీగో ఎనిమిది పిన్నుల తీగో లాగాలి. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఆ తీగే ఉండదు. ఎస్సెంపీఎస్ మారుద్దామంటే కొన్నిటికి బయట దొరికే రకం పట్టదు. కాబట్టి అలాంటి ఇంటికి మొదటి జల్లెడ: 75 వాట్లలోపు, విడి తీగ అడగని కార్డు.

ఆ జల్లెడలో మొదట పోయింది కొవ్వూరాయన కాలం నాటి కార్డే! ఆర్ఎక్స్ 480కి తమ్ముడైన ఆర్ఎక్స్ 580 సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతుంది. 8 జీబీలు, తూము 256. కానీ అది తినేది 185 వాట్లు. పైగా ఇంకో భయం ఉంది. 2022 సెప్టెంబరు దాకా ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వేవాళ్లు. ఆ పద్ధతి మారిపోగానే రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా బజారున పడ్డాయి. వాటన్నిటినీ చెడ్డవని కొట్టిపారేయలేం కానీ ఫ్యాను అరిగిందో, చిప్ మీద పేస్టు ఎండిందో పైకి కనబడదు. అందులోనూ 'ఆర్ఎక్స్ 580 2048ఎస్పీ' అని ఉంటే అది నిజానికి ఆర్ఎక్స్ 570. అసలు 580లో కోర్లు 2304, దీనిలో 2048. పేరు చివర అంకెని ఎంతమంది చదువుతారు?

రెండోది ఇంటెల్ ఆర్క్ ఏ380. 6 జీబీలు, 75 వాట్లు, ధరా అందుబాటే. కానీ ఆర్క్ కార్డులు సత్తా చూపాలంటే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అన్న సదుపాయం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా పదో తరం నుంచే అది ఉంటుంది. వీళ్లది ఎనిమిది. అదీ పోయింది.

మూడోది ఏఎండీ ఆర్ఎక్స్ 6400. 53 వాట్లే తింటుంది. అయితే కంప్యూటర్‌తో మాట్లాడుకోడానికి దానికున్నవి నాలుగే లైన్లు. కొత్త మదర్‌బోర్డుల్లో ఒక్కో లైను రెట్టింపు వేగం కాబట్టి సరిపోతుంది. 2018 నాటి బోర్డులో ఆ వేగం సగమే. కార్డు మీదున్న 4 జీబీలు నిండాక మిగతా సరుకంతా ఆ ఇరుకు వంతెన మీదనుంచే రావాలి. పండగపూట రావులపాలెం సెంటర్ ఎలా ఉంటుందో ఊహించుకోండి!

మిగిలినవి రెండు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650... 4 జీబీలు, 75 వాట్లు, తూము 128. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకం... 70 వాట్లు, తూము 168. ఇక్కడా ఓ మెలిక ఉంది. 2022లో వచ్చిన అసలు ఆర్‌టీఎక్స్ 3050కి 8 జీబీలు, 2560 కోర్లు, 130 వాట్లు. 6 జీబీలది రెండు జీబీలు తగ్గిన 3050 కాదు, అన్నిట్లోనూ చిన్నది. కానీ ఆ చిన్నదనమే ఈ ఇంటికి వరం. విడి తీగ అక్కర్లేదు. 1650లోనూ కొన్ని రకాలు ఆరు పిన్నుల తీగ అడుగుతాయి, చూసి కొనాలి.

"మరి జీటీఎక్స్ 1050 టీఐ అని ఒకటుందంటగా, ఇంకా తక్కువకి?" అన్నాడు తండ్రి. కాగితం ఆయనకి కంఠతా వచ్చేసింది.

"పాతదైపోయిందండీ. రేపోమాపో దానికి డ్రైవర్లు ఆపేస్తారు" అన్నాడు కొట్టాయన. ఆ మాట నిజమైంది. 1050 టీఐ, జీటీ 1030, అంతకుముందు తరం 750 టీఐ... వీటన్నిటికీ కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లని ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ముగించింది. భద్రతకి సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తానంది. కార్డు ఆరోజునుంచే ఆగిపోదు. కానీ వచ్చే ఏడాది ఆటకి హామీ ఉండదు.

ధరల దగ్గర ఆగారు. జీటీఎక్స్ 1650 పదిహేను వేలలోపే వస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050కి ఇంకో రెండు వేలు కావాలి. తండ్రి జేబు తడుముకున్నాడు. కొడుకు అది చూశాడు.

"1650 చాలు నాన్నా. నేనాడే మూడు ఆటలకి అదే ఎక్కువ. ఆగస్టులో ఎలాగూ హాస్టల్‌కి పోతాను కదా."

తండ్రి కొడుకు వంక కాసేపు చూశాడు. రమ్మీ మనిషి ఎప్పుడూ 'ఇంకొక్కసారి' అనేవాడు. వీడు 'చాలు' అంటున్నాడు. ఆటకీ పేకాటకీ తేడా ఏమిటో ఆయనకి ఆ ఒక్క మాటలో తెలిసింది. అయినా ఆరోజు కొనలేదు. కొలతలు చూసుకుని వస్తామని చెప్పి బస్సెక్కారు.

ఎవరూ అడగని మనిషి

ఆ రాత్రి డబ్బా మూత తీసి, దర్జీ టేపు పెట్టి కార్డు పట్టే పొడవు కొలుస్తున్నారు తండ్రీకొడుకులు. టేపు అమ్మాయిది. టేపు కోసం వచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఆగస్టు తర్వాత ఇది ఎవరు వాడతారు?" అంది.

ఎవరూ మాట్లాడలేదు.

ఆ కంప్యూటర్ కొన్నదే ఆమె చదువుకి. తమ్ముడికొచ్చిన మార్కులకంటే మూడేళ్ల కిందట ఆమెకొచ్చినవే ఎక్కువ. అప్పుడు స్వీటు పంచారు తప్ప ఏం కావాలని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. వైస్ సిటీలో తమ్ముడికి బండి నడపడం నేర్పింది ఆమే. ఇప్పుడు ఆడే తీరిక లేదు. చుట్టుపక్కల ఊళ్లలో కొత్తగా ఇళ్లు కట్టేవాళ్లకి ముందుభాగం ఎలా ఉంటుందో బ్లెండర్‌లో త్రీడీ బొమ్మ చేసిస్తోంది. తాపీమేస్త్రీలు తీసుకొచ్చే పని. బొమ్మకి ఐదొందలు, వెయ్యి ఇస్తారు. ఒక్కో బొమ్మ పూర్తవడానికి ప్రాసెసర్ రాత్రంతా కిందామీదా పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే.

"1650లో ఆర్‌టీ కోర్లు లేవు. 3050లో ఉన్నాయి. వెలుగు ఎక్కడపడి ఎటు తిరిగిందో లెక్కగట్టేవి అవే. నా బొమ్మలకి కావలసింది అది. ఇంటి బొమ్మలో చెట్లూ గోడలూ ఎక్కువైతే 4 జీబీలు కూడా చాలవు" అంది. ఎప్పుడో చదివి పెట్టుకుంది. కాకపోతే ఆ కాగితం రాయమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

తండ్రి ఏదో అనబోయాడు. మాట పెగల్లేదు. తల్లి వంటింట్లోంచి "దాన్నీ అడగాల్సింది" అంది, అంతే. తమ్ముడు తలొంచుకుని కాగితం మీద 1650 చుట్టూ గీసిన గీతని కొట్టేసి, 3050 చుట్టూ గీశాడు.

"ఆ రెండు వేలూ నేనిస్తాను" అంది అమ్మాయి.

"నువ్వివ్వక్కర్లేదు తల్లీ" అన్నాడు తండ్రి.

"ఇస్తాను నాన్నా. అప్పుడు నాది కూడా అవుద్ది కదా" అంది.

ఆ మాటకి ఆయన దగ్గర జవాబు లేదు.

కొనేముందు ఓసారి...

ఈ ఇంటి కాగితం ఎవరికైనా పనికొచ్చేదే. ముందు ఆడబోయే ఆటల పేర్లు రాసుకోవాలి. వాటికి ఏ స్థాయి కార్డు కావాలో తయారుచేసినవాళ్లే చెబుతారు. తర్వాత ఎస్సెంపీఎస్ వాట్లు, విడి తీగ ఉందో లేదో, డబ్బాలో జాగా ఎంతో చూసుకోవాలి. సన్నటి డబ్బా అయితే పొట్టి రకం కార్డే పడుతుంది. కార్డు పేరు ఒక్కటే చూడకుండా మెమరీ రకం, ఎన్ని బిట్ల దారి, ఎన్ని వాట్లు... ఈ మూడూ చదవాలి. ఒకే పేరు మీద రెండు రకాలు ఉన్నాయేమో కనుక్కోవాలి. జీఎస్టీ బిల్లు, వారంటీ కాగితం లేకుండా కొత్త కార్డు తీసుకోకూడదు. సెకండ్ హ్యాండ్ అయితే అరగంట ఆట ఆడించి, వేడీ ఫ్యాను చప్పుడూ చూశాకే డబ్బివ్వాలి. ఇంటికొచ్చాక మానిటర్ తీగని పాత చోట కాకుండా కొత్త కార్డుకే గుచ్చాలి. ఇది మర్చిపోయి 'కార్డు పనిచేయట్లేదు' అని కొట్టుకి పరిగెత్తేవాళ్లూ ఉన్నారు. అన్ని ఆటలూ పాతవే అయితే అసలు కార్డే అక్కర్లేదు. కొత్త కంప్యూటరే కొనేవాళ్లు రైజెన్ 5 5600జీ లాంటి, గ్రాఫిక్స్ బలంగా ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే కొన్నాళ్లు కార్డు లేకుండానే గడిచిపోతుంది. ఒకే ర్యామ్ ముక్కకి బదులు రెండు వేస్తే ఆ గ్రాఫిక్స్‌కి తూము రెట్టింపవుతుంది. 2025 చివరినుంచి మెమరీ ధరలు పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లే ఆ చిప్‌లని ఎత్తుకుపోతున్నాయి. కాబట్టి నిరుటి ధర పట్టుకుని బేరానికి వెళితే లాభం లేదు.

అన్నిటికంటే ముందు రాసుకోవాల్సింది ఇంకొకటి. ఆ కంప్యూటర్ ముందు ఇంట్లో ఎవరెవరు కూర్చుంటారన్నది. అది ఏ పెట్టె మీదా రాసుండదు.

రెండోసారి రాజమండ్రికి ముగ్గురూ వెళ్లారు. కొట్టాయన కార్డు తీసి, కవరు విప్పి చూపించి, బిల్లు పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"పేరు ఎవరిది రాయమంటారండీ?"

తండ్రి కొడుకు వంక చూడలేదు. "అమ్మాయిది రాయండి" అన్నాడు.

ఆగస్టులో అబ్బాయి కాకినాడ హాస్టల్‌కి వెళ్లాడు. రాత్రంతా పట్టే ఇంటి బొమ్మ ఇప్పుడు భోజనం చేసొచ్చేలోపు పూర్తవుతోంది. శనివారం ఇంటికొస్తే కంప్యూటర్ తమ్ముడిది, మిగతా ఆరు రోజులూ అక్కది. మూడేళ్ల వారంటీ ఉన్న ఆ బిల్లు ఇప్పుడు బీరువాలో, పొలం కాగితాల పక్కన ఉంది. ఆ బీరువాలో అమ్మాయి పేరుతో ఉన్న మొదటి కాగితం అదే.